గృహవైద్య ప్రసంగములు: జపాను పొట్లమును మన కషాయమును

భూపాలపల్లి ప్రాంతమునుండి ఒక సోదరి నాకు దీర్ఘమైన లేఖ వ్రాసినది. అందలి సారమిది. ఆమె మూడేండ్ల కుమారునకు గడచిన పుష్యమాసమున జలుబు చేసి, నాలుగవనాటికి దగ్గు ముదిరి, డొక్కలెగురసాగెను. అత్తగారు అడ్డసరపాకు కషాయము కాచి రెండు దినములు పోసిరి. పిమ్మట పట్టణమందలి యొక వైద్యాలయమునకు గొనిపోగా, ఊపిరితిత్తులలో నిమ్ము చేరినదని చెప్పి బిడ్డను చేర్చుకొనిరి. కషాయము మాట యెత్తగానే తల్లిని నలుగురిలో చీవాట్లు పెట్టిరి. దైవానుగ్రహమున బిడ్డ కోలుకొనెను.

ఇంతవఱకు మన యిండ్లలో తఱచుగా జరుగునదే. కాని యామె చెల్లెలు జపాను దేశమున, అక్కడ ఉద్యోగము చేయుచున్న భర్తతో కాపురమున్నది. తన బిడ్డకు ఇట్టి జబ్బే చేసినప్పుడు అక్కడి వైద్యుడు యాంటీబయాటిక్ మందుతోబాటు చెట్టుమందుల పొడి పొట్లములనుగూడ తానే వ్రాసియిచ్చెనని యామె టెలిఫోనులో చెప్పినదట. "అక్కడ వైద్యుడే యిచ్చునది ఇక్కడ మేమిచ్చిన అపరాధమెట్లగును? ఆ పొట్లములను చెల్లెలిచేత తెప్పించుకొనవచ్చునా?" అని సోదరి యడిగినది.

నొచ్చుకొని యడిగినదైనను ప్రశ్న మాత్రము చక్కనిది. దీనికి ఒక్కమాటలో అవుననియో కాదనియో చెప్పుట న్యాయముగాదు.

జపానువారి ఆ వైద్యమునకు కాంపో యని పేరు. చీనాదేశపు హాన్ వంశీయుల నాటి వైద్యపద్ధతి యని యామాటకర్థము. దానికి మూలమైన గ్రంథములలో ఝాంగ్ ఝోంగ్‌జింగ్ అను చీనా వైద్యుడు సుమారు 1800 ఏండ్లక్రిందట రచించిన షాంగ్‌హాన్‌లున్ ముఖ్యమైనది. మనకు చరకమెట్లో వారికదియట్లు. ఱొమ్ముపడిసెమునకు, పిల్లల ఉబ్బసమునకు వారు తఱచుగా వాడు యోగమొకటి ఈ గ్రంథమునుండియే వచ్చినది. దానిపేరు మాక్యోకాన్సెకితో. పేరు నోరు తిరుగనిదైనను అందలి దినుసులు నాలుగే. వానిని విన్నచో మీరు ఆశ్చర్యపడుదురు.

మొదటిది ఎఫెడ్రా యను పొద. దాని జాతి మొక్కనే హిమాలయములనుండి తెచ్చి మనవైద్యులు కొందఱు సోమలత యని పిలుతురు. రెండవది ఖూబానీ విత్తులోని పప్పు. హైదరాబాదు పెండ్లివిందులలో మీఠా చేయు ఆ ఖూబానీయే. మూడవది అతిమధురము. నాలుగవది జిప్సము, అనగా మన వైద్యులు భస్మముచేసి జ్వరములకిచ్చు గోదంతి. సముద్రముల కావలినున్న దేశపు అవ్వయు మన అవ్వయు ఒక్క అంగడికే పోయినట్లున్నది గదా! ఎఫెడ్రానుండి 1885లో నాగయి నాగయోషి యను జపాను శాస్త్రజ్ఞుడు ఎఫెడ్రిన్ అను సారమును వేఱుచేసెను. ఊపిరిగొట్టములను విప్పుట దాని గుణము. పాశ్చాత్య వైద్యులును దానిని చాలకాలము ఉబ్బసమునకు వాడిరి.

ఐనను దినుసులొక్కటియైనంత మాత్రమున రెండు దేశముల పరిస్థితి యొక్కటి కాదు. మెయిజీ చక్రవర్తి కాలమున జపాను ప్రభుత్వము పాశ్చాత్య వైద్యమున పరీక్ష నిచ్చినవారికే వైద్యవృత్తి చేయు అధికారమిచ్చినది. కావున నేడక్కడ కాంపో మందు వ్రాయు వైద్యుడు ఊపిరితిత్తుల ఛాయాచిత్రమును చదువగలవాడే, యాంటీబయాటిక్ మోతాదు కట్టగలవాడే. 1976లో కాంపో మందులు అనేకములు ఆ దేశపు ఆరోగ్యబీమాలో చేరినవి. 2001నుండి వైద్యవిద్యార్థుల పాఠ్యప్రణాళికలోను ఆ విద్యకు స్థానము కలిగినది. మందు కూడ కుండలో కాచినది కాదు. కార్ఖానాలో ఒకే పాళమున సారముతీసి రవ్వగాచేసి, పొట్లముకట్టి, ఒక్కొక్క యోగమునకొక సంఖ్య వేయుదురు. బిడ్డకు ఏమేమి పోయుచున్నారో ఒక్క వైద్యుని కాగితములోనే యుండును.

మనకో? వరంగల్లున అనంతలక్ష్మీ ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల కలదు. అదే యూరిలో కాకతీయ వైద్య కళాశాలయు, మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రియు కలవు. ఇవి వేఱువేఱు విద్యలు, వేఱువేఱు గుమ్మములు. ఈ రెండింటి నడుమ వార్త మోయునది బిడ్డను చంకనెత్తుకొన్న తల్లి యొక్కతెయే. ఆమెను కసరి పంపినచో మఱునాడు ఆమె నోరు విప్పదు. కషాయము పోయుట మానదు, చెప్పుట మానును. అది మఱింత ప్రమాదము. వైద్యులు కోపగించుకొనుటకు కారణములు లేకపోలేదు. ఐనను పిల్లవాని కడుపులో ఏమున్నదో తెలుపగల మనిషిని మూగదానిని జేయుట వైద్యనీతి కాదని నా తలంపు.

చెప్పవలసిన యవసరమెందులకనగా, చెట్టుమందు సాధువైనదనుట సగము సత్యమే. ఎఫెడ్రా గుండెదడ పుట్టించును, నిద్ర చెఱచును. ఉబ్బసమునకిచ్చు థియోఫిల్లిన్ వంటి మందుతో కలిసినచో దడ మఱింత హెచ్చును. అతిమధురము చిరకాలము మితిమీఱి వాడినచో నీరుపట్టి, రక్తమున పొటాసియము తగ్గి, కండరములు నీరసించును. ఖూబానీ పప్పును పచ్చిగా నూరి పోసినచో కడుపులో సయనైడు విషము పుట్టును; ఈ మాట చదివి పెరటిలో ప్రయోగములు చేయబోకుడు. జపానులోనే షోసాయికోతో యను మఱియొక ప్రసిద్ధ యోగమును కాలేయరోగులకు విరివిగా ఇచ్చుచుండగా, కొందఱికి దానివలననే ఊపిరితిత్తులకు ఒకవిధమైన వాపు కలిగినది. 1996లో ఆ ప్రభుత్వము 88 మందికి అట్లు జరిగినదనియు, వారిలో 10 మంది మరణించిరనియు ప్రకటించి హెచ్చరించినది. ఎవరు ఏమందు పుచ్చుకొనిరో వ్రాసియుంచు దేశము గనుక అది బయటపడినది.

ఇంగ్లీషు మందులన్నియు అమృతమనియు నేననుటలేదు. 2025లో మధ్యప్రదేశమందలి ఛింద్వాడా ప్రాంతమున కల్తీ దగ్గుసిరప్పు త్రాగి పసిబిడ్డలు మూత్రపిండములు చెడి మరణించిరి. జలుబునకై అంగళ్లలో నమ్ము ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ కలిపిన మందును నాలుగేండ్లలోపు పిల్లలకీయరాదని 2023 డిసెంబరులో మన కేంద్ర ఔషధ నియంత్రణశాఖ సీసాలపై వ్రాయించుటకు ఉత్తరువు చేసినది. ఆకైనను సీసాయైనను, ఎవరికి, ఎంత, దేనితో గలిపి అనునదే ప్రశ్న.

మన అడ్డసరము మాట. మా పెరటి కంచె అదియే. మేకలు ముట్టవు గనుక కంచెకు మిక్కిలి యనుకూలము. సంస్కృతమున వాస యని పేరు. మా తండ్రిగారు నాకు వాగ్భటము చెప్పించునప్పుడు కాసశ్వాసములలో దీని పేరు మాటిమాటికి వచ్చెడిది. ఇందలి వాసిసిన్ అను సారమును ఆధారము చేసికొని శాస్త్రజ్ఞులు బ్రోమ్‌హెక్సిన్ అను కఫము కరగించు మందును నిర్మించి 1963లో అంగడికి తెచ్చిరి. వైద్యుడు వ్రాసియిచ్చు అంబ్రాక్సాల్ దానినుండి పుట్టినదే. కావున అత్తగారి కషాయమును ఎగతాళి చేయు వైద్యుని సీసాలో అత్తగారి ఆకు బిడ్డయే కూర్చుండియుండవచ్చును. (గర్భవతులైన సోదరీమణులు దీనిని పుచ్చుకొనరాదు, గర్భాశయమును కదలించు గుణము దీనికి కలదు.)

ఐతే ఆ ఆకు చేయగల పని యేది? కఫమును పలుచన చేయును, దగ్గును కొంత శాంతింపజేయును. అంతే. న్యుమోనియా యనగా ఊపిరితిత్తులలోని గాలిగదులు వాచి చీముతోను నీటితోను నిండుట. న్యుమోకాకస్, హిబ్ వంటి క్రిములు కారణమైనప్పుడు ఆ క్రిమిని చంపనిదే గదులు ఖాళీకావు. ఆ పని అమాక్సిసిల్లిన్ వంటి మందు చేయును, అడ్డసరము చేయదు. కొన్నిమాఱులు వైరసులవలన జబ్బు వచ్చును. అప్పుడు యాంటీబయాటిక్ పనిచేయదు, ప్రాణవాయువు, ద్రవాహారము, కనిపెట్టియుండుటయే చికిత్స. ఏది యేదియో తేల్చుట వైద్యుని పని. జపాను వైద్యుడును క్రిమిని చంపుటకై గాక, దగ్గును ఆయాసమును సుఖపఱచుటకే ఆ పొట్లము నిచ్చును. మన సోదరి గమనింపవలసినది ఇదియే: అక్కడ ఆకుమందు యాంటీబయాటిక్ ప్రక్కన నిలిచినది, ఇక్కడ రెండు దినములు దాని స్థానమున నిలిచినది. కషాయమునందు దోషము లేకపోవచ్చును. పోయిన రెండు దినములయందున్నది.

మందులు రాకముందు న్యుమోనియా సోకినవారిని ఏడవనాడో తొమ్మిదవనాడో గండము గడచునని కాచుకొని కూర్చుండెడివారు. 1938లో సల్ఫాపిరిడిన్ వచ్చినది, తరువాత పెన్సిలిన్ వచ్చినది. 1948లో అమెరికాలో వెలువడిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబమున మొదటిది. ఆ పరిశోధనశాలకు నాయకుడు మన భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన అమెరికాకు పోకముందు మద్రాసులో డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించినవారు. రెండు విద్యలకును పడదను వారికి ఆ పేరు చెప్పవచ్చును. (టెట్రాసైక్లిన్ మాత్రము పాలపండ్ల వయస్సు పిల్లలకీయరు, పండ్లకు మచ్చలు పట్టును.)

ఇక అసలు ప్రశ్న: ఇంట కషాయముతో సరిపెట్టుకొనదగిన దగ్గేది, పరుగెత్తవలసిన దగ్గేది? దీనిని తెలిసికొనుటకు గడియారమొకటి చాలును. బిడ్డ ఏడువక, పాలు త్రాగక నెమ్మదిగా నున్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట లేచి పడుటను నిండుగా ఒక నిముసము లెక్కింపుడు. అర నిముసము లెక్కించి రెండింతలు చేయుట పనికిరాదు, పసివారి ఊపిరి సమముగా నుండదు. రెండు మాసములలోపు శిశువు నిముసమునకు 60 మాఱులుగాని అంతకెక్కువగాని, రెండు మాసములనుండి ఏడాదిలోపు బిడ్డ 50గాని అంతకెక్కువగాని, ఏడాదినుండి అయిదేండ్ల లోపు పిల్ల 40గాని అంతకెక్కువగాని ఊపిరి తీసినచో అది జలుబు కాదు. ఆ దినమే వైద్యునకు చూపవలెను. ఊపిరి లోనికి పీల్చునప్పుడు ఱొమ్ము క్రిందిభాగము లోనికి గుంజుకొనిపోయినచో, అదియే మనవారు డొక్కలెగురుట యందురు, లెక్కతో పనిలేదు. పాలు త్రాగలేకపోయినను, త్రాగినదంతయు కక్కినను, మూర్ఛ వచ్చినను, మగతగా పడియున్నను, పెదవులు నీలివర్ణమునకు తిరిగినను రాత్రియని చూడక 108 బండిని పిలువవలెను. రెండు మాసములలోపు శిశువైనచో జ్వరమొక్కటి చాలును, ఒళ్లు చల్లబడుటయొక్కటి చాలును.

ఈ లెక్కకు ఎంత బలమున్నదో మనకు మిక్కిలి సమీపమునుండియే తెలిసినది. మన కాళేశ్వరమువద్ద గోదావరి దాటినచో సిరోంచ. అక్కడ నేటికిని తెలుగు వినవచ్చును. అది మహారాష్ట్రమందలి గడ్చిరోలి జిల్లా. ఆ జిల్లాలో డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు 1988లో ఒక ప్రయత్నము నారంభించిరి. 58 గ్రామములలో ఆరోగ్య కార్యకర్తలకును, మంత్రసానులకును ఊపిరి లెక్కించుట నేర్పి, కోట్రిమాక్సజోల్ మందు చేతికిచ్చిరి. ఏడాది తిరుగునప్పటికి అక్కడ నిమ్ము చేసిన బిడ్డలలో నూటికి ఒక్కరికంటె తక్కువ మరణించిరి. అట్టి యేర్పాటు లేని పొరుగు గ్రామములలో నూటికి పదముగ్గురకు పైగా మరణించిరి. ఈ ఫలితము 1990లో లాన్సెట్ అను ఆంగ్ల వైద్యపత్రికలో వెలువడినది.

అక్షరము రాని మంత్రసాని 50 వఱకు లెక్కించుటెట్లు? వారికొఱకు బంగ్ గారొక పూసల చట్రమును కల్పించిరి. ఒక నిముసపు ఇసుక గడియారము, దాని ప్రక్క తీగకు గ్రుచ్చిన పూసలు. పది యూపిరులకొక పూస జరుపవలెను. ఇసుక జారిపోకముందే ఎఱ్ఱపూస వచ్చినదా, నిమ్మని యర్థము. జపమాల త్రిప్పుట తెలిసిన మన ముసలమ్మలకు ఇంతకంటె సులభమైన విద్య వేఱొకటున్నదా? మీ గ్రామపు ఆశా కార్యకర్తకు నేడు ఈ లెక్క నేర్పియున్నారు. అడిగి మీరును నేర్చుకొనుడు.

ఆసుపత్రిలో బిడ్డ వ్రేలికి తొడుగు చిన్న పరికరము రక్తమున ప్రాణవాయువెంతయున్నదో చూపును. అందలి అంకె 90కి తక్కువైనచో ప్రాణవాయువు పెట్టవలసినదే. ఆ పరికరము యొక్క మర్మమును 1974లో కనుగొన్నవాడు తకువో అవొయాగి యను జపాను ఇంజనీరు. జపానునుండి మనకు వచ్చినవానిలో పొట్లములకంటె ఇది వేయిరెట్లు ఉపకారి.

పొట్లములను తెప్పించుకొనుమందురా? వలదు. ఇక్కడ బిడ్డను చూచు వైద్యుడు దానిమీది జపాను అక్షరములను చదువలేడు, బిడ్డను చూడని వైద్యుడు దానిని వ్రాయలేదు. వేఱొక బిడ్డ బరువునకును జబ్బునకును కట్టిన మోతాదది.

ఇంటిమందు వాడుకొనువారు వాడుకొనుడు. ఏడాది నిండిన బిడ్డకు తులసి రసము నాలుగు చుక్కలు తేనెతో నాకించిన దగ్గు నెమ్మదించును. ఏడాదిలోపు శిశువునకు తేనె వలదు. అందుండు ఒక క్రిమి పసికడుపులో పెరిగి పక్షవాతమువంటి జబ్బు తెచ్చును. పుట్టిన బిడ్డకు తేనె నాకించు ఆచారము మన గ్రంథములలో నున్నదని నేనెఱుగుదును. తెలిసినపిమ్మట మానుటయే మేలు. ముక్కులో ఆముదము గాని నూనె గాని పిండకుడు, అది ఊపిరితిత్తులలోనికి జాఱి వేఱొక నిమ్మును పుట్టించును. కర్పూరము పూతగానైనను పసివారికి వలదు, మూర్ఛ వచ్చును. వస మితిమీఱి రుద్ది పోసినచో వాంతులును మత్తును కలుగును. సాంబ్రాణి పొగ బిడ్డ శిరోజములకు పరిమళమేమో గాని ఊపిరికి విషమే. కట్టెలపొయ్యి పొగయు అట్టిదే. డొక్కలెగురు బిడ్డకు కాల్చిన సూదితో వాతలు పెట్టుట నేటికిని అక్కడక్కడ జరుగుచున్నది. దీనిని గుఱించి వ్రాయుటకు నా కలము సిగ్గుపడుచున్నది. ఉత్ఫుల్లిక యను బాలరోగమునకు పాతగ్రంథమున దహనకర్మ చెప్పబడినదని యొక పండితుడు నాతో వాదించెను. వేఱు మందులేని నాడు వ్రాసిన మాటయది. మందున్న నాడు బిడ్డ ఒడలు కాల్చుటకు ఏ గ్రంథమును సాక్ష్యము కాజాలదు.

వైద్యునికడకు పోవునప్పుడు ఇంట ఏమేమి పోసితిరో, ఎన్ని దినములు, ఎంత, ఒక కాగితమున వ్రాసికొనిపొండు. "కషాయము పోసినాము" అనుటకంటె "అడ్డసరపాకు నాలుగు, మిరియము లొకటి రెండు, దినమునకు రెండు చెంచాలు, నిన్నటినుండి" అని చూపినచో కోపగించు వైద్యుడును ఆలకించును. ఆసుపత్రి మందు మొదలైనపిమ్మట కషాయము కొనసాగింపవచ్చునా యని బాహాటముగా అడుగుడు. వలదన్నచో మానుడు. ముఖ్యముగా, జ్వరము తగ్గినదని యాంటీబయాటిక్‌ను నడుమ ఆపి మిగిలినది సీసాలో దాచి రెండవ బిడ్డకు పోయకుడు.

టీకాలను గుఱించి క్లుప్తముగా. హిబ్ క్రిమికి ఆఱు, పది, పదునాలుగు వారములకు వేయు పెంటావాలెంట్. న్యుమోకాకస్‌కు ఆఱు, పదునాలుగు వారములకును తొమ్మిదవ మాసమునను వేయు టీకా. రెండవది 2017నుండి కొన్ని రాష్ట్రములలో మొదలై 2021లో దేశమంతటను ప్రభుత్వమువారు ఉచితముగా వేయుచున్నారు. తట్టుపిమ్మట నిమ్ము చేయుట పరిపాటి గనుక తట్టు టీకాయు ఇందులో చేరినదే.

లేఖలో కడపట మఱియొక మాటయున్నది. జ్వరమున్నంతకాలము బిడ్డకు అన్నము పెట్టరాదని, లంఖణములే మందని అత్తగారి పట్టుదలయట. అత్తగారితో వాదింపకుడు, శాస్త్రమునే చూపుడు. జ్వరమున లంఖణము విధించిన మన వైద్యగ్రంథములే బాలురకును, వృద్ధులకును, గర్భిణులకును, దుర్బలులకును దానిని నిషేధించినవి. ఈ సంగతి పెద్దలు సగమే చెప్పుకొనివచ్చిరి. చంటిబిడ్డకు చన్నుపాలు ఆపకుడు. ముక్కు దిబ్బడవలన త్రాగలేకున్నచో గోరువెచ్చని ఉప్పునీటి చుక్కలతో తుడిచి, కొంచెముకొంచెముగా మాటిమాటికి త్రాగింపుడు. పెద్దబిడ్డకు మెత్తని పెసరపప్పు అన్నము, చారు, గంజి పెట్టుడు. కోలుకొన్నపిమ్మట రెండు వారములు దినమునకొక పూట అదనముగా పెట్టినచో పోయిన బరువు తిరిగివచ్చును.